బొట్టు కింద తెల్లమచ్చ

నేను నల్లగా ఉంటాను. మర్యాదకు చామనచాయ అనేవాళ్లు లేకపోలేదు గానీ, మా అమ్మ మాత్రం "మన చేనంతా ఎర్రమన్ను, రేగడంతా నీ ఒంట్లోనే ఉండాది" అని నవ్వేది. నాకు కోపం రాలేదెప్పుడూ. నలుపు నలుపే, దానికి దాపరికమెందుకు?

అయితే నల్లతోలుకు ఒక చిక్కుంది. దాని మీద ఎరుపు కనబడదు. మా ఇంట్లో పిల్లలకు తట్టు పోస్తే ఎవరూ కళ్లతో కనిపెట్టలేదు. మా అమ్మ చేతి వెనకవైపుతో వీపు తడిమి, "ఇసక మాదిరి తగలతా ఉండాది, అమ్మవారే" అని తేల్చేది. తామర వస్తే ఎర్రచక్రం కాదు, నల్లచక్రం. దోమ కుట్టిన చోట మూడు నెలలు నల్లమచ్చ. చెయ్యి కాలితే మొదటిరోజు బూడిదరంగు, ఆ తర్వాత ఊదా, ఆ తర్వాత కాటుక. ఇవన్నీ మాకు ఎవరూ నేర్పకుండానే తెలుసు. తెలియనిది తెలుపు ఒక్కటే. నల్లతోలు మీద తెలుపు పడితే మాత్రం వీధి చివరి నుంచి కనబడుతుంది, వీధి చివరివాళ్లు కూడా దాని గురించి మాట్లాడతారు.

ఎనభైల మొదట్లో నాకు ఆ తెలుపు వచ్చింది. వచ్చింది కూడా ఎక్కడో వీపు మీద కాదు, నుదుటి మీద, సరిగ్గా బొట్టు పెట్టుకునే చోట.

అప్పటికి నేను వేప్పనపల్లి పక్క పల్లె నుంచి కెలమంగలం దగ్గరి ఊరికి కోడలిగా వచ్చి నాలుగేళ్లయింది. పుట్టింట్లో మామిడితోట. అత్తింట్లో మల్బరీ తోట, పట్టుపురుగులు. మామ లేడు. తోట, నీళ్లు, పట్టుగూళ్లు మూటగట్టి హోసూరుకు తీసుకుపోయి అమ్మడం నా మొగుడి పని. పురుగుల ఇల్లు మాత్రం అత్త రాజ్యం. ఇంటి వెనక పెంకులు కప్పిన పొడుగాటి గది అది, లోపల వరసలుగా వెదురు తట్టలు. ఆ గడప దాటాలంటే ఆమె చట్టాలు చాలా ఉన్నాయి. చెప్పులు బయట. బయటచేరిన ఆడవాళ్లు బయట. ముఖానికి పౌడరు పూసుకున్నవాళ్లు బయట. వక్కాకు నమిలే మనిషి వాకిట్లోకి వచ్చినా గయ్యిమనేది.

వచ్చిన కొత్తలో ఒక్క ఆకు కూడా వేయనివ్వలేదు నన్ను. రెండేళ్లకు చేతికి తట్ట ఇచ్చింది. మూడో ఏటికి పురుగు తోలు చూసి దాని సంగతి చెప్పడం నేర్చుకున్నాను. వెలుతురు పక్కనుంచి పడేట్టు తట్టను వంచి చూడాలి. తోలు ముడతలుంటే ఆకలి, నున్నగా మెరిస్తే రోగం, తేటపడితే గూడు కట్టబోతుంది. "నా కన్ను నీకు వచ్చిందే" అని అత్త ఒకసారి అంది. ఆ మాట పుట్టింటికి పోయినప్పుడు నలుగురికి చెప్పుకున్నాను. ఆ ఇంట్లో నేను కోడలినని అనిపించింది ఆ గదిలోనే.

స్టిక్కరు బొట్టు పెట్టుకోమన్నది కూడా అత్తే. అంతకు ముందు కుంకుమ పెట్టుకునేదాన్ని. తట్టల మీదికి వంగితే చెమటకు తడిసి ఆకు మీద రాలేది. "ఆ పొడి పురుగు తింటే ఏమయితాదో ఏమో. హోసూరు బస్టాండు కాడ అంటించుకునే బొట్లు వచ్చినాయంట గదా, అవి పెట్టుకో" అంది. నా మొగుడు ఒక అట్ట కొనుక్కొచ్చాడు, గుండ్రటి ఎర్రబొట్లు. బాగానే ఉన్నాయి. రాలవు, చెరగవు. పడుకునేటప్పుడు కూడా తియ్యకుండా, జిగురు పోయేదాకా ఒకటే వాడేదాన్ని.

ఆరేడు నెలలకు బొట్టు కింద దురద మొదలైంది. కొంచెం నల్లబడింది. చెమటే అనుకున్నాను. ఒకరోజు తలకు పోసుకుంటూ బొట్టు తీసి అద్దంలో చూసుకుంటే, దాని కింద బియ్యప్పిండి చుక్క పెట్టినట్టు తెల్లగా ఉంది. తుడిచాను. పోలేదు. సున్నిపిండితో రుద్దాను. చుట్టూ ఉన్న తోలు మండింది గానీ చుక్క పోలేదు. గబగబా బొట్టు మళ్లీ అంటించేశాను.

దాచి ఎన్నాళ్లు? చుక్క పెరిగి బొట్టు అంచు దాటింది. పెద్ద బొట్టు కొన్నాను. అదీ దాటింది. ఇంకా పెద్దది కొన్నాను. అణాబిళ్లంత బొట్టు పెట్టుకొని తిరుగుతుంటే అత్తకు అనుమానం రాకుండా ఉంటుందా?

"ఏమ్మే, ఏం సోకు ఇది? ఆ బొట్టు తియ్యి, చూడనీ" అంది ఒకనాడు, పురుగుల ఇంటి గడపలోనే నిలబెట్టి.

తీశాను. చూసింది. నా చేతిలో తట్ట లాక్కుంది.

"బొల్లి! ఇది పెట్టుకొని ఇన్నినాళ్లు నా పురుగుల మీద వంగినావా? సున్నకట్టు వస్తే ఏం గతి?"

సున్నకట్టు అంటే పురుగు చచ్చి సుద్దముక్క మాదిరి తెల్లగా గట్టిపడిపోయే రోగం. ఒక తట్టలో కనిపించిందంటే ఆ పంట మీద ఆశ వదులుకోవాల్సిందే. పురుగును తెల్లగా చేసేదీ, మనిషిని తెల్లగా చేసేదీ ఒకటేనని అత్త లెక్క. ఆమె ఒక్కదాని లెక్క కూడా కాదు, మా వీధిలో పురుగు మేపేవాళ్లంతా అదే అన్నారు. ఆ రోజు నుంచి నాకు ఆ గడప లేదు. తోటలో ఆకు కోసి బయట అరుగు మీద కుప్ప పోయడం, అంతే నా పని.

నా మొగుడు మంచివాడే గానీ తల్లి ముందర పిల్లి. అయినా హోసూరులో ఒక డాక్టరు దగ్గరికి తీసుకుపోయాడు. ఆ గదిలో గోడకు చర్మరోగాల పటం ఉంది. అందులో ఉన్నవాళ్లంతా తెల్లదొరలే. ఒక్కొక్కరికి ఒక్కొక్క చోట ఎర్రగా ఉంది. డాక్టరు టార్చి వేసి చూసి, "మొదట ఎర్రగా అయ్యిందామ్మా?" అని అరవంలో అడిగాడు.

"నా ఒంటి మీద ఏదీ ఎర్రగా కాదు సార్. కొట్టినా కాదు" అన్నాను. నా మొగుడు మోచేత్తో పొడిచాడు.

కళ్లు మూసుకోమని గుండుసూదితో మచ్చ మీద గుచ్చాడు. "అబ్బా!" అని అరిచాను. "నొప్పి తెలుస్తోంది గదా, కుష్టు కాదు" అన్నాడు. కుష్టు అన్న ఆలోచన అంతవరకు నాకు రానేలేదు. బొల్లి కావచ్చు, చూద్దాం అని పూతమందు రాసిచ్చాడు. అంతసేపూ నా బొట్టు నా చేతి వెనక అంటించి ఉంది. డాక్టరు చూశాడు, నా మొగుడు చూశాడు, నేను చూశాను. దాన్ని మళ్లీ నుదుటికి అంటించుకొని బస్సెక్కాను.

పూతమందుతో ఏమీ కాలేదు. తర్వాత ఎవరో చెప్పారని నాటువైద్యుడు ఇచ్చిన బావంచాల నూనె రాసుకొని ఎండలో కూర్చున్నాను. మొదటిరోజు మంట, రెండోరోజు బొబ్బ. బొబ్బ మానినాక మచ్చ చుట్టూ తోలు కాటుక గీసినట్టు ఇంకా నల్లబడింది. దాంతో మధ్యలో తెలుపు ఇంకా తెల్లగా కనబడింది. పెనం మీదనుంచి పొయ్యిలో పడ్డట్టయింది. ఆ రోజు బావిగట్టు మీద కూర్చుని ఏడ్చాను. రోగం వచ్చినందుకు కాదు, నా చేతులతో పెంచిన తట్టలను ఎవరో కూలిమనిషి దించుతుంటే కిటికీలోంచి చూడాల్సి వచ్చినందుకు.

ఇక అసలు మాట ఆ పంటలో వచ్చింది. పురుగు మూడో జ్వరంలో ఉంది. మేత మాని, తలెత్తి, కదలకుండా ఉండి తోలు విడిచే సమయాన్ని మా దిక్కు జ్వరం అంటారు. ఆ పొద్దు మేత పని లేదు కాబట్టి అందరం తీరిగ్గా ఉన్నాం. అత్త నా ముఖం చూడకుండా అంది, "ఈ గూళ్లు హోసూరుకు వేసినాక నువ్వు మీ అమ్మగారింటికి పోయి ఉండు. నయమయినాక రావచ్చు."

"బిడ్డో?"

"బిడ్డ ఈడనే ఉండనీ. దానికెందుకు అంటించేది?"

నా కూతురికి అప్పుడు మూడేళ్లు. నా మొగుడి వైపు చూశాను. వాడు పైకప్పు పెంకులు లెక్కపెడుతున్నాడు. నయం కావడమనేది లేదని అందరికీ తెలుసు. పోతే మళ్లీ రమ్మనేవాళ్లు ఉండరు. "నేను పోను" అన్నాను. "పోకుంటే ఎట్ల?" అంది అత్త. అంతటితో మాట ఆగింది గానీ, గూళ్లు హోసూరుకు పోయే రోజు దాకానే నాకు గడువని అర్థమైంది. పురుగు ఎంత తొందరగా పెరిగితే నా రోజులు అంత తొందరగా తరుగుతాయి. అయినా ఆకు కోయడం మానలేదు. ఆకలి పురుగుది, దాని మీద నాకేం కోపం?

నాలుగో జ్వరం దిగి పురుగు ఆబగా తింటున్న రోజుల్లో ఒక సాయంత్రం వాన పట్టుకుంది. తడిసిన ఆకు పురుగుకు పనికిరాదు. ఉన్నంతవరకు గోనెపట్ట కప్పి, నేనూ అత్తా చెరొక మూట నెత్తిన పెట్టుకొని తోటలోంచి పరుగెత్తాం. గట్టు మీద ఆమె జారి పడింది. చీలమండ మెలికపడింది. ఆమెను ఒక రెక్కకింద, మూటను ఇంకో రెక్కకింద పట్టుకొని ఇల్లు చేర్చాను.

అరుగు మీద కూర్చోబెట్టి చెంబుతో నీళ్లు తెచ్చాను. కాళ్లకు బురద, బురద కింద పసుపు. అత్త కొన్ని నెలలుగా రోజూ కాళ్లకు పసుపు పూసుకుంటోంది. మొగుడు పోయిన మనిషి, కొత్తగా ఇదేమి ముచ్చటో అని వీధిలో వాళ్లు ముసిముసిగా నవ్వారు కూడా. "పాదాలు పగల్తా ఉండాయి, దానికి" అనేది ఆమె.

"నువ్వు పో, నేను కడుక్కుంటా" అంది.

"వంగలేవు గదత్తా" అని పాదం పట్టుకొని నీళ్లు పోసి గట్టిగా రుద్దాను. బురద పోయింది. పసుపు పోయింది. వేళ్ల సందు నుంచి రెండు పక్కలకూ చీలిపోయిన రెండు తెల్లటి దారులు బయటపడ్డాయి. రెండో పాదం కడిగాను. దాని మీదా అంతే.

అత్త కాలు వెనక్కి లాక్కుంది. చీర దించి కప్పుకుంది. చూరు నీళ్లు కారుతున్నాయి.

నాకు ఎంత కోపం వచ్చిందో చెప్పలేను. వీధిలోకి పోయి అరవాలనిపించింది. చూడండి, ఈ మహాతల్లి కాళ్లు చూడండి, ఈ కాళ్లతోనే గడప దాటుతోంది, నన్ను మాత్రం ఊరు దాటిస్తోంది అని. నోరు తెరిచాను కూడా. అప్పుడు గడప పక్కన ఆమె విడిచిన రబ్బరు చెప్పులు కనబడ్డాయి.

జన్మలో చెప్పులు తొడగని మనిషి. మల్బరీ మోడు గుచ్చుకొని పుండైతే ఏడాది కిందట కొడుకు కొనిచ్చాడు. అప్పటినుంచి తోటలో, బురదలో, చెమటలో పొద్దంతా అవే. ఒక చెప్పు తెచ్చి ఆమె పాదం పక్కన పెట్టాను. దాని పట్టీ ఎట్లా చీలిందో పాదం మీద తెలుపూ అట్లాగే చీలింది. గీత తప్పలేదు. నా నుదుటి బొట్టు పీకి ఆమె అరచేతిలో పెట్టాను.

"ఇప్పుడు నా నుదురు చూడు. పురుగును చూసినట్ల చూడు."

అత్త లేవలేక, నా గడ్డం పట్టుకొని వాకిలి వెలుతురు పక్కకు తిప్పింది. చాలాసేపు చూసింది.

"బొల్లి ఇంత గుండ్రంగా రాదు" అంది చివరికి. "మా చిన్నాయనకు ఉండె. అది వంకరటింకరగా పాకతాది. ఇది అచ్చు వేసినట్ల ఉండాది."

"నీ కాళ్ల సంగతి నీకు తెలిసి ఎన్నినాళ్లయింది?"

"నీ నుదురు చూసినదానికి ముందర ఒక నెల."

"మరి నన్నొక్కదాన్నే ఏంటికి బయట పెట్టినావు?"

ఆమె ముఖం తిప్పుకుంది. "నలబై ఏండ్లుగా మేపతా ఉండాను. నేను పోకుంటే ఆ పురుగుకు ఎవురు దిక్కు? ఒకరుంటే పురుగు ఓర్చుకుంటాదేమో అనుకున్నా. ఇద్దరుంటే ఓర్చుకోదు. ఎవురో ఒకరు బయట ఉండాల గదమ్మా."

ఆ న్యాయానికి నాకు నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. "ఇన్ని నెలలుగా నీ కాళ్లు లోపలనే ఉండాయి గదత్తా. సున్నకట్టు వచ్చిందా?" అన్నాను. రాలేదని ఇద్దరికీ తెలుసు.

మర్నాడు మేత కూలిమనిషికి అప్పజెప్పి ఇద్దరం రాయకోట మీదుగా కృష్ణగిరికి బస్సులో పోయాం. చీలమండ చూపించుకోవడానికని ఇంట్లో చెప్పాం. అక్కడ ఉన్నది ఆడడాక్టరు, నాకన్నా ఒక చాయ నలుపు. ఆమె టార్చి తియ్యలేదు. కిటికీ దగ్గరికి పిలిచి, ముఖం పక్కకు తిప్పి చూసింది. అత్త నా చెవిలో, "ఈయమ్మ పురుగు మేపినట్లుండాది" అంది.

చెప్పు చూపించాం, బొట్టు అట్ట చూపించాం. డాక్టరు తలూపింది. ఆ రబ్బరులో, ఆ జిగురులో తోలు రంగును చంపే మందేదో ఉంటుందట. అందరికీ పడకపోదు, కొందరికే. తెల్లవాళ్లకు వచ్చినా ఎవరి కంటా పడదు, మనకు ఊరంతా తెలుస్తుంది అంది. అంటుకునేది కాదు, ముందు వాటిని మానెయ్యండి అంది. "వెంట్రుక వేళ్ల దగ్గర రంగు మిగిలి ఉంటే అక్కడినుంచి తిరిగి వస్తుంది. నుదుటి మీద నూగు ఉంది కాబట్టి నీకు రావచ్చు. పాదాల మీద వెంట్రుకలు లేవు. పెద్దమ్మకు కష్టం." అత్త బస్సు దిగి ఇంటికి వచ్చేదాకా చెప్పులు చేత్తోనే పట్టుకుంది.

అంతా తేలిపోయింది గదా, ఇక గడప దాటవచ్చనుకున్నాను. ఎక్కడ? "ఊరోళ్లకు తెలియదు గదమ్మా. నీ నుదురు నిండినాక పో లోపలికి" అంది అత్త.

"అట్లయితే నీ కాళ్లు నిండేదాకా నువ్వూ బయటనే ఉండు" అన్నాను. రెండు రోజులు మాటల్లేవు. కాళ్లకు పసుపు మాత్రం మళ్లీ పూసుకుంది. పుట్టింటికి పొమ్మన్న మాట వెనక్కి తీసుకోలేదు, మళ్లీ ఎత్తనూ లేదు.

మూడో రోజు తెల్లారేసరికి పురుగు పండింది. ఆకు ముట్టకుండా, ఒళ్లంతా తేటపడి, తలలూపుతూ దారం వేసే చోటు వెతుకుతుంది పండిన పురుగు. అప్పుడు దాన్ని ఏరి, వెదురు చాపకు బద్దలు చుట్టలుగా కుట్టిన చంద్రికల మీదికి ఎక్కించాలి. ఆలస్యమైతే దారమంతా తట్టలోనే పారబోసుకుంటుంది. అన్ని తట్టలూ ఒకేసారి పండాయి. వీధిలో ఆడవాళ్లు సాయానికి వచ్చారు. నేను అరుగు మీద నిలబడ్డాను, నుదుటి మీద ఏమీ లేకుండా. బొట్టు లేని ముఖం చూసి వాళ్లు పక్కకు చూశారు.

లోపలినుంచి అత్త గొంతు వినబడింది. "ఏమ్మే! ఆడ ఏం చూస్తా ఉండావు? పండింది ఏదో పండనిది ఏదో వీళ్లకు తెలియడం లేదు. రా లోపలికి."

పక్కింటామె చంద్రిక కింద పెట్టేసింది. "ఏమక్కా, ఆ ముఖంతో దాన్ని లోపలికి పిలస్తావా? ఇంతదూరం వచ్చిన పంటను..."

అత్త కుంటుకుంటూ గడప దగ్గరికి వచ్చింది. అక్కడ కాళ్లు కడుక్కునే తొట్టి ఉంటుంది. చెంబుడు నీళ్లు ముంచి అందరూ చూస్తుండగా ఒక పాదం మీద పోసుకుంది, ఇంకో పాదం మీద పోసుకుంది. పసుపు కారిపోయింది.

"దాని ముఖం ఇన్ని నెలలుగా బయటనే ఉండాది. ఈ కాళ్లు లోపలనే ఉండాయి. పంట ఎట్ల వచ్చిందో మీరే చూస్తా ఉండారు" అంది. "చెప్పులు చేసిన పని ఇది, దానిది బొట్టు చేసిన పని. ఇంక ఎవురికన్నా భయముంటే ఇండ్లకు పోవచ్చు."

పక్కింటామె ఒక్కతే పోయింది. మిగతావాళ్లు ఉండిపోయారు. నేను గడప దాటాను. తట్ట పక్క వెలుతురుకు వంచి పండిన పురుగును ఏరాను. సిగ్గేమిటి చెప్పడానికి, పురుగుల మధ్య కన్నీళ్లు రాలకూడదని భుజానికి ముఖం తుడుచుకుంటూ పని చేశాను. ఆ గూళ్లు హోసూరుకు పోయాయి. నేను ఎక్కడికీ పోలేదు.

ఆ ఏడు చలికాలంలో ఒక పొద్దున కొత్త పురుగు లేచింది. తెల్లటి గుడ్ల అట్ట మీద పిల్లపురుగులు గుడ్డు చీల్చుకొని లేచేటప్పుడు ఆవాలకన్నా సన్నటి నల్లచుక్కలుగా కనబడతాయి. అత్త అట్ట చూసి తలెత్తింది, నా ముఖం చూసి ఆగిపోయింది. గడ్డం పట్టుకొని కిటికీ వైపు తిప్పింది.

"నీ నుదుట కూడా లేచినాయే" అంది.

అద్దం తెచ్చుకొని చూశాను. తెల్లమచ్చ నిండా నూగు మొదళ్లలో సన్నగా నల్లచుక్కలు. ఒకటి, రెండు, పది. జన్మలో నా నలుపును చూసి అంత సంతోషపడలేదు.

అత్త ఒక పాదం నా ముందుకు జరిపింది. "నాది?"

కింద కూర్చుని చూశాను. పక్క వెలుతురులో చూశాను, వేలితో తడిమి చూశాను. ఒక్క చుక్క లేదు.

"ఇంకా లేవలేదత్తా" అన్నాను.

"నలబై ఏండ్లు గుడ్లు చూసినదానికి తెలియదా? ఈ గుడ్డు చెడిపోయిందిలే" అని నవ్వి, ఉత్తకాళ్లతో ఆకు కోయడానికి తోటలోకి పోయింది. ఆ పూట పిల్లపురుగులకు మొదటి మేత నన్ను వెయ్యమంది.